రెండో మాత్ర

"లెగట్లేదు."

నాలుగు రోజుల తర్వాత మా అత్తగారు నా మొహాన అన్న మొదటి మాట అది. మొహాన అంటున్నాను గానీ, ఆవిడ చూసింది నా వైపు కాదు, ఫ్రిజ్ వైపు.

నేను టిఫిన్ డబ్బా మూత బిగిస్తున్నాను. తొమ్మిదిన్నరకల్లా టాటీబంధ్‌లో ఉండాలి. ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో నా కుర్చీ మూడు వారాలు ఖాళీగా ఉంది, మళ్ళీ చేరి వారం రోజులే అయింది.

"ఎవరు?" అన్నాను. ఎవరో నాకు తెలుసు. ఆవిడ చేత ఇంకో మాట మాట్లాడించాలని అడిగాను. అదీ నా బుద్ధి.

"ఎవరేటి, మీ మావ. లోకల్ ఎల్లిపోయింది. చెయ్యి కదపలేదు."

అప్పుడు డబ్బా వదిలేశాను.

మా మావగారు సూరిబాబు గారు ముప్ఫై నాలుగేళ్ళు రైల్వే కేబిన్‌లో సిగ్నల్ లీవర్లు లాగారు. మతిమరుపు జబ్బు పట్టుకుని మూడేళ్ళయింది. నా పేరు పోయింది, కొడుకు పేరు పోయింది, అన్నం తిన్నారో లేదో అదీ పోయింది. ఆ లీవరు మాత్రం పోలేదు. రాయ్‌పూర్ గుఢియారీలో మా ఇంటి వెనకే రైలు లైను. బండి చప్పుడైతే చాలు, మంచం పక్కన కిటికీ ఊచ పట్టుకుని వెనక్కి లాగుతారు. పోయిన నెల నిమ్ము చేసి పదకొండు రోజులు ఆస్పత్రిలో పడుకోబెడితే అక్కడ మంచం కడ్డీ లాగారు. ఇంటికొచ్చి ఇరవై రోజులు. రాత్రి నిద్ర లేదు, పగలు కుదురు లేదు, అడుగు వేస్తే పడిపోతారు, వెయ్యకుండా ఉండరు. ఇన్ని ఉన్నా, బండికి చెయ్యి లేవని రోజు లేదు.

గదిలో మా ఆయన ధనుంజయ్ మంచం మీదికి వంగి ఉన్నారు. గడ్డానికి సగం సబ్బు నురగ అలాగే ఉంది.

"నాన్నా. అరే, ఉఠో నాన్నా."

మావయ్య మెడ పక్కకి వాలిపోయి ఉంది. గురక వస్తోంది గానీ అది రోజూ వచ్చే గురక కాదు. అత్తయ్య అప్పుడే కాఫీ గ్లాసు తెచ్చింది. రెండు చెంచాలు పోస్తే లేస్తాడని మంచం ఎక్కబోతోంది.

"సిస్టర్‌కి ఫోన్ చెయ్యండి" అన్నాను మా ఆయనతో.

"కౌన్ సిస్టర్?"

"హేమిన్ సిస్టర్. డిశ్చార్జ్ కాగితం వెనకాల నంబరుంది."

డిశ్చార్జ్ చేసిన రోజు ఆవిడ తన చేత్తో రాసిచ్చింది. ఆస్పత్రి నుంచి మతిమరుపు పేషెంట్లని ఇంటికి పంపాక ఇంట్లోవాళ్ళ బాగోగులు చూడటమే ఆవిడ పని. ఏ కష్టమొచ్చినా చెయ్యండి, టైమ్ చూడొద్దు అంది. ఇరవై రోజుల్లో మేం ఒక్కసారీ చెయ్యలేదు. ఆవిడే ప్రతి గురువారం చేసేది. 'అంతా బావుంది సిస్టర్' అని నేను పెట్టేసేదాన్ని. బావుండకపోతే బావులేదని చెప్పడానికి నామోషీ.

స్పీకర్‌లో పెట్టారు. హేమిన్ సిస్టర్ హిందీలో గబగబా అడిగింది. పెదాలు నీలంగా ఉన్నాయా? లేవు. భుజం గట్టిగా నొక్కితే ఏమంటున్నారు? మూలిగారు. మంచిది, ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టండి. నోట్లో చుక్క నీళ్ళు కూడా పొయ్యొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

అత్తయ్య కాఫీ గ్లాసు కింద పెట్టేసింది.

"పెదాలు ఏమాత్రం రంగు మారినా ఆగకండి, అంబులెన్స్ పిలవండి. నేను దగ్గర్లోనే ఉన్నాను, ఇరవై నిమిషాల్లో వస్తాను. ఇంకో మాట. రాత్రి నిద్ర మాత్ర ఎన్ని వేశారు?"

"ఒకటే" అన్నాను నేను, వెంటనే.

అని, అత్తయ్య మొహం చూశాను. ఆవిడ నా మొహం చూసింది. నాకు అప్పుడు తెలిసింది. ఆవిడా ఒకటి వేసింది.

సంగతి చెప్పాలంటే మంగళవారం నుంచి చెప్పాలి. ఆ రోజు ఆవిడ పాలు పెట్టి గ్యాస్ ఆపడం మర్చిపోయింది. గిన్నె నల్లగా మాడింది. ఆఫీసు నుంచి వచ్చి అది తోముతూ నేనన్నాను, "మీక్కూడా ఆయన జబ్బే వస్తున్నట్టుంది అత్తయ్యా" అని. అనాల్సిన మాట కాదు. అన్నాను. అంతటితో ఊరుకోకుండా భిలాయిలో ఉన్న మా ఆడపడుచు భావనకి ఫోన్‌లో కూడా చెప్పాను, "మీ అమ్మకి కూడా మతి నిలవటం లేదు" అని.

ఆ మంగళవారం నుంచి మా ఇంట్లో మాటలన్నీ మావయ్య మీదుగా నడుస్తున్నాయి. "ఏవండి, మీ కోడలికి చెప్పండి, కందిపప్పు అయిపోయింది" అని ఆవిడ ఆయనతో అంటుంది. నేను రెండడుగుల దూరంలోనే ఉంటాను. "మావయ్యా, అత్తయ్యకి చెప్పండి, సాయంత్రం తెస్తానని" అని నేనంటాను. ఆయన ఇద్దరికీ తలూపుతారు. మా వైపు ఆడవాళ్ళు అలిగితే ఇలాగే ఎవరో ఒకరిని మధ్యలో పెట్టుకుంటారు. మా అమ్మా మా నానమ్మా ఆరు నెలలు నా మీదుగా మాట్లాడుకున్నారు. కాకపోతే నాకు మతి ఉండేది.

నిన్న రాత్రి నేను వంటింట్లో ఉన్నాను. పక్క గదిలో ఆవిడ మొదలుపెట్టింది, "ఏవండి, మీ కోడలికి చెప్పండి..." అని. మళ్ళీ ఏదో దెప్పుతోందనుకుని మిక్సీ ఆన్ చేశాను. జార్‌లో పల్లీలు ఎప్పుడో నలిగిపోయాయి. అయినా తిప్పుతూనే ఉన్నాను. మిక్సీ ఆపేసరికి ఆవిడ మాట అయిపోయింది.

తర్వాత చూస్తే మావయ్య మంచం మీద నిలవటం లేదు. ఊచ లాగుతున్నారు, దుప్పటి లాగుతున్నారు. రాత్రి మాత్ర ఎప్పుడూ అత్తయ్యే వేస్తుంది. ఈవిడ మర్చిపోయి ఉంటుంది, పాల గిన్నె సంగతే అనుకున్నాను. అడగొచ్చు. అడిగితే నేనే ముందు మాట్లాడినట్టవుతుంది. అడక్కుండా పట్టీలోంచి ఒకటి తీసి, నీళ్ళతో వేసేశాను.

ఇదీ జరిగింది. దీన్ని ఎవరికైనా చెప్పాలంటే ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో నాకు తెలియలేదు.

హేమిన్ సిస్టర్ స్కూటీ మీద వచ్చింది. పొట్టి మనిషి, చేతిలో హెల్మెట్, భుజాన సంచి. వస్తూనే మావయ్య వేలికి క్లిప్పు పెట్టింది, బీపీ చూసింది, రెప్పలు ఎత్తి టార్చి వేసింది. బయటికెళ్ళి డాక్టరుతో ఫోన్‌లో మాట్లాడి వచ్చింది.

"భయం లేదు. మందు మత్తు. నెమ్మదిగా దిగుతుంది. నేను కాసేపు ఉంటాను" అంది.

పదిన్నర దాటాక మావయ్య కళ్ళు తెరిచారు. ఆవిడ తెల్లకోటు వైపు చాలాసేపు చూశారు.

"లైన్ క్లియర్?" అని అడిగారు.

"క్లియర్ హై, బాబూజీ" అంది సిస్టర్, పెద్ద ఆఫీసరుకి చెప్పినట్టు.

మా ఆయన గోడకి ఆనుకుని కూర్చుండిపోయారు. మొహాన సబ్బు ఎండిపోయి పెచ్చులు కట్టింది. నాకు ఏడుపొచ్చింది గానీ ఏడవడానికి నాకేం హక్కుందని మింగేశాను.

సిస్టర్ మాత్రల పట్టీ అడిగింది. పది మాత్రల పట్టీ, సోమవారం రాత్రి మొదలుపెట్టాం. ఆవిడ వేలితో లెక్కపెట్టింది. సోమ, మంగళ, బుధ, గురు, శుక్ర. అయిదు పోవాలి. ఆరు పోయాయి.

"ఒకటి ఎక్కువ పడింది" అంది మామూలుగా.

మా ఆయన తల తిప్పి నేరుగా వాళ్ళమ్మ వైపు చూశారు. నా వైపు చూడనే లేదు. ఈ ఇంట్లో మర్చిపోయే మనిషి ఎవరో మంగళవారమే నేను తేల్చేశాను కదా.

"అమ్మా, రాత్రి మాత్ర వేసేది నువ్వే కదా."

అత్తయ్య చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. ఏమీ అనలేదు. నేను నేల మీది కాఫీ గ్లాసు తీశాను.

"ఎవరు వేశారని అడగడానికి నేను రాలేదు భయ్యా" అంది సిస్టర్. "ఇలాంటి ఇళ్ళు రోజూ చూస్తాను. అన్ని ఇళ్ళలోనూ ఇది జరుగుతుంది, అందరూ దాస్తారు. మాతాజీ, మీరు సరిగ్గా నిద్రపోయి ఎన్నాళ్ళయింది?"

మా అత్తగారు రాయ్‌పూర్‌కి వచ్చి నలభై అయిదేళ్ళు. ఆవిడ హిందీ కూరగాయల బజారు దాటి ఎప్పుడూ వెళ్ళలేదు. "సోతా హై, సోతా హై" అంది, పడుకుంటూనే ఉన్నానన్నట్టు చెయ్యి ఊపుతూ.

"మీరు?" అని సిస్టర్ నన్నడిగింది.

"బానే ఉన్నాను."

"మంచిది. అందరూ బానే ఉన్నారు" అంది ఆవిడ, సంచి సర్దుకుంటూ. వెటకారం లేదు ఆ మాటలో. అలసిపోయిన మనిషి ఇంకో అలసిపోయిన మనిషితో అన్నట్టుంది. "ఈ రాత్రి మాత్ర వద్దు. సోమవారం డాక్టరుకి చూపించండి. గురువారం మూడింటికి ఆస్పత్రిలో మీలాంటి ఇళ్ళవాళ్ళు పదిమంది కూర్చుంటారు. ఉపన్యాసాలేం ఉండవు. చాయ్ తాగుతారు, ఏడుస్తారు, పేషెంట్లని తిట్టుకుంటారు. రండి."

"మేం వస్తే ఈయన దగ్గరెవరుంటారు?" అన్నాను. ఈ ప్రశ్నతో చాలామంది నోళ్ళు మూయించాను ఇన్నాళ్ళూ.

"ఈయన్నీ తీసుకురండి. ఆ గంటన్నరా మావాళ్ళు చూసుకుంటారు."

ఇరవై రోజుల్లో ఎవరూ గంటన్నర ఇస్తామనలేదు. చుట్టాలొచ్చారు, యాపిల్ పళ్ళు తెచ్చారు, 'ఓపిక పట్టమ్మా' అని నాకు చెప్పి వెళ్ళారు. ఓపిక పళ్ళతో పాటు తెచ్చి ఇస్తే పుచ్చుకునేదాన్ని.

సిస్టర్‌ని గుమ్మం దాకా పంపడానికి వెళ్ళాను. హెల్మెట్ పెట్టుకుంటూ ఆవిడ ఆగింది.

"మీరేదో చెప్పాలనుకుంటున్నారు."

"లేదు సిస్టర్."

"సరే. ఇంట్లో వాళ్ళకే చెప్పండి. నాకు చెప్పినదానికన్నా అదే ఎక్కువ పనికొస్తుంది." స్కూటీ స్టార్ట్ చేసి వెళ్ళిపోయింది.

లోపలికి వచ్చేసరికి మా ఆయన భావనతో ఫోన్‌లో ఉన్నారు. స్పీకర్‌లోనే. మా ఇంట్లో గోప్యం అంటూ ఏమీ లేదు.

"ఇంకేం ఆలోచించకు అన్నయ్యా. నేను పోయిన వారమే కుమ్హారీ దగ్గర కేర్ సెంటర్‌కి వెళ్ళి చూసొచ్చాను కదా. శుభ్రంగా ఉంది, నర్సులున్నారు. ఒక బెడ్ ఖాళీ ఉందట, మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో తెలీదు. నాలుగింటికి కారు తీసుకుని వస్తాను. బట్టలు సర్ది ఉంచండి."

"ఇవాళేనా?"

"మరెప్పుడు? అమ్మ ఇంకో రోజు మూడు మాత్రలు వేస్తే? గ్యాస్ సంగతి వదిన నాకు మంగళవారమే చెప్పింది. పోనీ వదిన ఉద్యోగం మానేసి కూర్చుంటుందా? అదీ న్యాయం కాదు. నేను నీ మీద గానీ వదిన మీద గానీ ఏమీ అనటం లేదు. అమ్మ చేతిలో నాన్నని ఉంచలేం, అంతే."

"చూడ్డానికి ఎప్పుడు వెళ్ళొచ్చు?"

"ఆదివారం ఆదివారం. వారానికోసారి."

వారానికోసారి అన్న మాట అత్తయ్య విన్నది. మావయ్యకి గడ్డం తుడుస్తోంది, చెయ్యి ఆగింది, మళ్ళీ తుడిచింది. పెళ్ళయి నలభై ఎనిమిదేళ్ళు. రైల్వే క్వార్టర్స్‌లో ఆయన ఏ డ్యూటీకి వెళ్ళినా పన్నెండు గంటలు మించి ఈవిడ ఆయన్ని వదిలి ఉండలేదని భావనే నాతో అంటూ ఉంటుంది.

మా ఆయన ఫోన్ పెట్టేసి ఆవిడ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నారు.

"అమ్మా, నేను నిన్నేం అనటం లేదు. నువ్వు ఒకటి వేశావు, మర్చిపోయి ఇంకోటి వేశావు. నీ వయసుకి అది మామూలే. తప్పు కాదు. సమఝీ?"

ఇప్పుడు చెప్పాలి. ఈ క్షణంలో చెప్పకపోతే ఇక చెప్పలేను అనుకున్నాను. నోరు తెరిచాను కూడా.

"అవును" అంది అత్తయ్య. "రెండూ నానే ఏసీసినాను."

"ఒకటి ఏసినాను. మర్చిపోయినాను. మళ్ళీ ఏసినాను" అని కొడుక్కి ఒక్కో మాటా విడమరిచి చెప్పింది, చిన్నపిల్లాడికి చెప్పినట్టు. "తీసుకుపొండి. నాలుగింటికి కదా. బట్టలు నాను సర్దుతాను."

లేచి లోపలి గదిలోకి వెళ్ళిపోయింది.

నేను వంటింట్లోకి వెళ్ళాను. మా ఆయన వెనకే వచ్చి నీళ్ళు తాగారు.

"సెకండ్ షిఫ్ట్ మానేశాను. ఉర్లా ఫ్యాక్టరీకి ఫోన్ చేసి చెప్పాను" అన్నారు.

"సోమవారం దాకా ఆగుదామా?" అన్నాను.

"ఎందుకు?"

"డాక్టరు చూస్తారు కదా. గురువారం ఆ మీటింగ్ కూడా..."

"నళినీ." గ్లాసు సింక్‌లో పెట్టారు. "పదిహేను రోజుల్నుంచి ఈ ఇంట్లో ఎవరు అరుస్తున్నారు? నా వల్ల కాదు, నా వల్ల కాదు అని? నువ్వే. నేను నిద్రపోతే నా మీద దుప్పటి లాగేసి మరీ అరిచావు. ఇప్పుడు ఆగుదాం అంటున్నావు. మతలబ్ ఏంటి?"

"ఏం లేదు."

"ఏదో ఉంది."

"ఏం లేదన్నాను కదా."

ఆయన గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగారు. "నాకు మాత్రం సరదానా, మా నాన్నని పంపడం?" అని బయటికెళ్ళిపోయారు. ఆయన మీద కోపం రాలేదు. రావాల్సినంత కోపం నా మీదే ఉంది.

మీతో అబద్ధం ఎందుకు? ఆ గంటలో నేను మంచిదాన్నేమీ కాలేదు. సింక్ ముందు నిలబడి లెక్కలు వేశాను. నోరు మూసుకుంటే నాలుగింటికి కారు వస్తుంది. రేపటి నుంచి నా నిద్ర నాది, నా ఉద్యోగం నాది. దుప్పట్లు ఉతకక్కర్లేదు. అత్తగారే ఒప్పేసుకుంది, నన్నెవరూ అడగరు. నోరు తెరిస్తే మావయ్య ఇక్కడే ఉంటారు, నేను ఈ వంటింట్లోనే ఉంటాను, భావన ముందూ మా ఆయన ముందూ నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. ఎంత సేపు లెక్క వేసినా నోరు మూసుకోవడమే లాభంగా తేలింది.

తేలినా, కాళ్ళు లోపలి గదిలోకి నడిచాయి. చెయ్యని తప్పు ఆ ముసలావిడ నెత్తిన వేసుకుంటే నేను చూస్తూ ఉండలేకపోయాను. నా కోసమే వేసుకుందనుకున్నాను. అనుకుని, గొంతు నిండా ఆవిడ మీద జాలి పెట్టుకుని వెళ్ళాను.

అత్తయ్య నేల మీద కూర్చుని లుంగీలు మడత పెడుతోంది. పక్కన మావయ్య మెత్తటి బనీన్లు, చలికి పెట్టుకునే ఊలు టోపీ, హవాయి చెప్పులు కాగితంలో చుట్టి ఉన్నాయి.

ఎదురుగా కూర్చున్నాను.

"అత్తయ్యా, రెండోది నేను వేశాను."

ఆవిడ మడత ఆపలేదు.

"తెల్సు" అంది.

"తెలుసా?"

"గుమ్మంలోనే ఉన్నాను. నువ్వు గ్లాసు పట్టుకున్నావు, ఆయన నోరు తెరిచినాడు. చూసినాను."

నా జాలి ఎక్కడికి పోయిందో తెలియలేదు.

"చూసి ఆపలేదేం? 'నేను వేశాను' అని ఒక్క మాట అంటే సరిపోయేది కదా."

"ముందే చెప్పినాను కదా, ఆయన చేత. నువ్వు మిక్సీ ఏసుకున్నావు."

"అప్పుడు కాదు. నేను వేస్తున్నప్పుడు."

"ఆపితే నీతో మాటాడాలి."

"అందుకా? అందుకని ఊరుకున్నారా?"

ఆవిడ టోపీ చేతిలోకి తీసుకుంది, దాని అంచు లోపలికి మడిచింది, విప్పింది.

"కాదు" అంది. "అది అబద్దం. నోటి దాకా వచ్చింది నళినీ, ఆపాలని. రెండో మాత్ర పడితే పొద్దుటి దాకా లెగడు అనిపించింది. లెగకపోతే నాను పడుకోవచ్చు అనిపించింది. అంతే. నోరు మూసుకున్నాను."

నేను ఒక బనీను తీసుకుని మడత పెట్టాను.

"పడుకున్నాను. ఇరవై రోజులయ్యాక ఒళ్ళు తెలీకుండా పడుకున్నాను. పొద్దున్న లెగిసి, ఎంత హాయిగా ఉందమ్మా అనుకున్నాను. అదీ అనుకున్నాక అప్పుడు చూసినాను ఆయన్ని. ముందు హాయిగా ఉంది, తరవాతే ఆయన." టోపీ సంచిలో పెట్టింది. "నువ్వు తెలీక ఏసినావు. నాను తెలిసి ఊరుకున్నాను. ఎవల్ది పెద్ద తప్పో నువ్వే చెప్పు."

"అత్తయ్యా, మీకు నిద్ర లేక..."

"నిద్ర లేక ఇవాళ ఊరుకున్నాను. రేపు నానే రెండేస్తాను. నాకు తెల్సు కదా నా సంగతి. అందుకే ఎల్లనీ. ఆయన్ని నా చేతికి ఇవ్వకండి."

"సిస్టర్‌కి చెబుదాం. ఇద్దరం వెళ్దాం గురువారం, ఆయన్నీ తీసుకుని. ఆవిడ తిట్టదు అత్తయ్యా. రోజూ చూస్తాను అంది కదా, అందరూ దాస్తారు అంది కదా."

"గురువారానికి అయిదు రాత్రులున్నాయి" అంది. అప్పుడే లెక్క పెట్టేసుకుంది.

నా మణికట్టు పట్టుకుంది. పెళ్ళయి పంతొమ్మిదేళ్ళు, ఆవిడ నన్ను తిట్టింది, దెప్పింది, పురుళ్ళప్పుడు పథ్యం పెట్టింది, గానీ ఇలా పట్టుకోలేదు.

"నువ్వు నిజం చెప్తే ఆల్లు ఆయన్ని ఉంచేస్తారు. అమ్మకి మతి బాగానే ఉన్నాది, ఇంకేటి అంటారు. చెప్పకు. నీ కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటాను."

"మరి మీరు? ఆయన లేకుండా ఈ ఇంట్లో..."

"తెలీదు" అంది. కళ్ళ నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవటం లేదు. "ఆయన ఎల్లిపోతే నాను బతకలేను. ఉంటే బతకనివ్వడు. నాకేటి తెలుసు చెప్పు."

బయట కారు తలుపు చప్పుడైంది. భావన గొంతు వినబడింది, మావయ్యని పలకరిస్తోంది. నాలుగు ఇంకా కాలేదు. తొందరగా వచ్చేసింది.

మా ఆయన గదిలోకి వచ్చారు. చేతిలో నాలుగు పేజీల ఫారం, జేబులోంచి తీసిన పెన్ను. మేమిద్దరం ఎదురెదురుగా నేల మీద కూర్చుని ఉండటం చూసి ఒక్క క్షణం ఆగారు.

"భావన సెంటర్ ఫారం తెచ్చింది. డాక్టరు రాసిన మందులన్నీ రాయాలి. నిన్న రాత్రి మోతాదు ఎక్కువైంది అని కూడా రాయమంటున్నారు, ఎవరిచ్చారు, ఎలా జరిగింది అని. కింద నేను సంతకం పెట్టాలి." పెన్ను క్యాప్ తీశారు. "అమ్మ పేరే రాస్తున్నాను. మర్చిపోయి ఇచ్చింది అని."

నా మణికట్టు మీద అత్తయ్య వేళ్ళు బిగుసుకున్నాయి.

ఆయన రాయబోయి, నా మొహం చూసి ఆగారు.

"రాయనా, నళినీ?"